ఎక్కినవాళ్ళే రాయాలి

3వ తేదీ, సోమవారం

ఇవాళ నిఘంటువులో దొరికిన మాట: హేష. గుర్రం సకిలింపు అని అర్థం. పొద్దున గుర్రపుశాలలో మూడుసార్లు వాడాను. మూడుసార్లూ నాకు తుమ్ము వచ్చిందనుకున్నారు.

ఈ డైరీ ఎవరూ చదవరు కనక నిజం రాసుకుంటాను. గుర్రాల కోసం అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను, ఇప్పుడు మాటల కోసం వెళ్తున్నాను. కాలేజీకి ముందు ఆరు గదుల్లో లద్దె ఎత్తుతాను, బదులుగా టీచరమ్మ నాకు స్వారీ నేర్పుతుంది. లద్దె ఎత్తేవాళ్ళు ఎవరికీ కనపడరు. వాళ్ళకి మాత్రం అన్నీ వినపడతాయి. గుర్రాలున్నవాళ్ళకి ఒక భాష ఉంది. అందులో మొత్తం ఓ పది వాక్యాలుంటాయి. వాటితోనే జీవితాలు వెళ్ళిపోతాయి.

పళ్ళ డాక్టరుగారి నల్లగుర్రం ఇవాళ ఇంకొకరి భుజం కొరికింది. ఆయన ఎంతో ఆశ్చర్యపోయి, "మా వాడు ముందెప్పుడూ ఇలా చెయ్యలేదండీ" అన్నాడు. ఈ నెలలో ఇది మూడో భుజం. ఆయనకి 'ముందెప్పుడూ గారు' అని పేరు పెట్టాను. తెల్లగుర్రం ఆవిడేమో, "ఇది గుర్రం కాదు, మా ఇంట్లో మనిషి" అంటుంది. ఇంట్లో మనిషైతే మీ ఇంట్లో ఎందుకు లేదండీ అని అడగబోయి, గబుక్కున పార అందుకున్నాను.

జీనులు పెట్టే గదిలో ఒక పుస్తకం, తాడుతో కట్టిన పెన్నుతో సహా, మేకుకి వేలాడుతుంది. స్వారీ అయ్యాక ఆ గుర్రం ఆ రోజు ఎలా ఉందో అందులో ఒక వాక్యం రాయాలి. అది చూసే టీచరమ్మ మర్నాటి పని చెబుతుంది. నియమం ఒక్కటే: ఎక్కినవాళ్ళే రాయాలి. అందరూ 'బాగుంది', 'పరవాలేదు' అని రాసి పోతారు. నేను వచ్చాకే ఆ పుస్తకానికి సాహిత్యం పట్టింది. (పట్టింది అనేది చీడకి కూడా వాడతారని తెలుసు.)

ఎక్కనివాడు అక్కడ ఒక్కడే, గడ్డి బాబాయ్. పందొమ్మిదేళ్ళుగా దాణా పెట్టేదీ, నీళ్ళు పోసేదీ, ఒక్కో కాలూ ఎత్తి డెక్కలు శుభ్రం చేసేదీ ఆయనే. "నడుం పడదమ్మా" అని ఎప్పుడూ గుర్రం ఎక్కలేదు. అందుకని పుస్తకంలో రాయకూడదు. లద్దె బూట్లతో జీనుల గదిలోకి రానూ కూడదు. ఒకసారెప్పుడో ఒక గుర్రం కుంటుతోందని నేరుగా చెబితే, టీచరమ్మ "ఎక్కనివాడికి ఏం తెలుస్తుందయ్యా?" అందిట. అప్పటినుంచీ ఏదైనా ఉంటే ఎక్కినవాళ్ళకి చెప్పి రాయిస్తాడు.

4వ తేదీ, మంగళవారం

సైకిల్ చెయిన్ ఊడింది. పక్కన నిలబడ్డ ఎవరితోనో, "ఇది ముందెప్పుడూ ఇలా చెయ్యలేదండీ" అన్నాను.

సిగ్గు అనే మాటకి పర్యాయపదాలు వెతకాలి.

6వ తేదీ, గురువారం

అమ్మ కుట్టుమిషను సూది విరిగింది. "నీ భయం దానికి తెలిసిపోతుందమ్మా" అన్నాను. టీచరమ్మ నాతో రోజూ అనే మాట.

అమ్మ మిషను ఆపి నన్ను కింది నుంచి పైకి చూసింది. "దానికి తెలియనివ్వు. నువ్వు గుర్రం దిగి వచ్చి ఇంకో సూది తెచ్చిపెట్టు."

తమ్ముడు ముక్కు మూసుకుని, "దిగినా వాసన దిగట్లేదే" అన్నాడు.

ఈ ఇంట్లో భాషాభిమానం లేదు.

10వ తేదీ, సోమవారం

ఎన్నాళ్ళనుంచో రాద్దామనుకుంటున్న పేజీ ఇది.

టీచరమ్మ ఉవాచ:
గుర్రం తప్పు ఎప్పుడూ ఉండదు, తప్పంతా పైనున్నవాళ్ళదే. (ఆవిడ పైన లేనప్పుడు.)
పడనివాడు రౌతే కాడు. (నేను పడ్డప్పుడు. ఆవిడ పడితే నేల జారుడుగా ఉందని అర్థం.)
అది నొప్పి కాదు, నాటకం.
మా కాలంలో జీనులే లేవు.
ఎక్కనివాళ్ళకి ఏం తెలుస్తుంది?
నాకు మనుషులకంటే గుర్రాలే నయం. (ఇది ఎప్పుడూ మనుషులతోనే అంటుంది. గుర్రాలతో అనగా వినలేదు.)
ఆవిడ మెడ నిటారుగా పెట్టి, ముక్కు చివరినుంచి లోకాన్ని చూస్తుంది. కళ్ళెం ఎవరో గట్టిగా లాగి పట్టుకున్నట్టు.

పేజీ నిండింది. తిప్పి, పైన మళ్ళీ తేదీ వేశాను.

ఇవాళ జాజికాయనెక్కాను. జాజికాయ ముసలి గోధుమరంగు ఆడగుర్రం, నాలాంటి నేర్చుకునేవాళ్ళందరినీ మోసేది అదే. ఇవాళ అడుగులు పొట్టిగా వేసింది. దిగి పగ్గాలు బాబాయ్ చేతికిచ్చాను. ఆయన వంగి దాని కాలు పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. తర్వాత నాతో అన్న మాటలు, మచ్చుకి, ఉన్నవున్నట్టు:

"ఎడమ ముందు డెక్క వేడిగా ఉందమ్మా. నిలబడితే ఆ కాలు ముందుకి చాపి పెడతంది. లోపలేదో గుచ్చుకున్నట్టుంది. డాక్టర్ని పిలిపించమని, ఎవరినీ ఎక్కొద్దని రాయి."

పాపం, ఒక్క ఉపమానం లేదు. గోడకి మేకు కొట్టినట్టు నాలుగు వాక్యాలు. అసలు డెక్క అంటాడేమిటి, ఖురం అనే చక్కటి మాటుండగా?

నేను రాసింది: "జాజికాయ ఈరోజు అలిగిన మహారాణి. ఎడమ పాదం భూమికి ఆనితే భూమికెక్కడ గౌరవం పెరుగుతుందోనని ఆచితూచి అడుగేసింది."

ఎడమ పాదం అన్నానుగా. విషయం ఉంది. విషయానికి కాస్త నగ పెట్టాను, అంతే.

11వ తేదీ, మంగళవారం

టీచరమ్మ నా వాక్యం అందరి ముందూ పైకి చదివింది! ముందెప్పుడూ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. తెల్లగుర్రం ఆవిడ తన ఫోనులో రాసుకుంది. "ఎంత బాగా పట్టుకున్నావమ్మాయ్ దాన్ని! సరిగ్గా అంతే, మహారాణి వేషాలు. అలక తీరేదాకా రోజూ గంట పరిగెత్తిద్దాం" అంది టీచరమ్మ.

నా వాక్యం. పైకి. అందరి ముందూ.

బయటికొస్తే బాబాయ్ గడ్డి మోపు దించుతూ అడిగాడు. "రాశావామ్మా?"

"రాశాను బాబాయ్."

రాశానుగా.

12వ తేదీ, బుధవారం

జాజికాయతో గంట. మడమలతో పొడిస్తే గానీ కదల్లేదు. మలుపులో తడబడింది. "నాటకం!" అని గట్టిగా అన్నాను. టీచరమ్మ స్వరంలోనే వచ్చింది ఆ మాట. దూరం నుంచి ఆవిడ తల ఊపి మెచ్చుకుంది.

పుస్తకంలో: "మహారాణి ఇవాళ ప్రజల్లోకి వచ్చింది, అయిష్టంగా."

అయిష్టంగా. మంచి మాట.

13వ తేదీ, గురువారం

"టీచరమ్మ ఏమన్నదమ్మా?"

"చూశారు బాబాయ్."

"చూసి కూడా ఎక్కిస్తందా?" అని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. "సరే, ఆమెకి తెలుసుగా. పెద్ద చదువు."

చూశారనడం అబద్ధం కాదు. చూశారు. నవ్వారు కూడా.

14వ తేదీ, శుక్రవారం

పరీక్ష ఉందని వెళ్ళలేదు. (పరీక్ష లేదు.)

15వ తేదీ, శనివారం

జాజికాయ కాలు నేల మీద పెట్టడం లేదు.

మూడు కాళ్ళ మీద నిలబడి, ఒళ్ళంతా చెమటతో, గోడకి తల ఆనించి ఉంది. పశువుల డాక్టరు వచ్చి డెక్క అడుగున చెక్కాడు. నల్లటి చీము చిమ్మింది. చిన్న రాయి గుచ్చుకుందిట. మొదటిరోజే తెలిస్తే నాలుగు రోజుల్లో తిరిగేదిట. ఇప్పుడు చీము డెక్క పైదాకా పాకింది. రెండు నెలలు కదలకూడదు. "తర్వాత మునుపటిలా నడుస్తుందా అంటే, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇక్కడ ఎవరినీ మోయలేని గుర్రాలకి ఏమవుతుందో నాకు తెలుసు. ఒకరోజు పెద్ద బండి వచ్చి ఎక్కించుకుపోతుంది.

డాక్టరు వెళ్ళాక టీచరమ్మ బాబాయ్ వైపు తిరిగింది. "రోజూ కాళ్ళు కడిగేది నువ్వేగా. ఇంత వేడి తెలియలేదా?"

"తెలిసిందండీ. సోమవారమే చెప్పాను."

"ఎవరికి?"

"ఈ అమ్మాయికి. రాయమని."

"పుస్తకంలో డెక్క మాటే లేదే? వేడి మాటే లేదే?" టీచరమ్మ నా వైపు చూసింది. "నీకు చెప్పాడా?"

అందరూ చూస్తున్నారు. ముందెప్పుడూ గారు, తెల్లగుర్రం ఆవిడ. నా వాక్యాన్ని ఫోనులో రాసుకున్న ఆవిడ.

"ఏదో అన్నారండీ. సరిగ్గా గుర్తులేదు."

బాబాయ్ నన్ను చూశాడు. కోపంగా కూడా కాదు. తెలియని మనిషిని, ఎక్కడ చూశానబ్బా అని చూసినట్టు చూశాడు.

"పందొమ్మిదేళ్ళు నమ్మాను. ఈ నెలాఖరు దాకా ఉండి వెళ్ళు" అంది టీచరమ్మ.

15, సాయంత్రం

గుర్తులేదనడం అబద్ధం కాదు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో మాట మాటా ఎవరికి గుర్తుంటుంది? పైగా ఎడమ పాదం అని రాశాను. చదువుకున్నావిడ, అందులోంచి అర్థం తీసుకోవాలి. పైగా ఆయన నేరుగా చెప్పొచ్చు. పైగా నేను నేర్చుకుంటున్నదాన్ని. పైగా ఆయనకి ఇంకెక్కడైనా పని దొరుకుతుంది.

పైగా అనే మాట నాలుగుసార్లు వాడాను. శైలి దెబ్బతింటోంది.

16వ తేదీ, ఆదివారం

ఏమీ రాయాలని లేదు.

అమ్మ అడిగింది, గుర్రమెక్కడానికి వెళ్ళలేదేమని. తలనొప్పి అన్నాను. "నొప్పా, నాటకమా?" అంది. ఆ మాట నేనే ఇంటికి తెచ్చాను, వారం కిందట, తమ్ముడి కడుపునొప్పి మీద.

17వ తేదీ, సోమవారం

వెళ్ళాను. బాబాయ్ తన సామాను సర్దుకుంటున్నాడు: ఒక పాత దువ్వెన, డెక్కలు గీకే కొక్కెం, ఉడికించిన గింజలు తినిపించే సత్తుగిన్నె. పలకరించాను. "ఆఁ" అన్నాడు. ఎప్పుడూ "తిన్నావా?" అనేవాడు.

ఇంటికొచ్చి 'ఆచితూచి' ముందు వాడానో లేదో చూద్దామని ఈ డైరీ వెనక్కి తిప్పాను. పదో తేదీ దొరికింది.

"ఎడమ ముందు డెక్క వేడిగా ఉందమ్మా."

నా చేతిరాత. కొటేషన్ గుర్తులతో సహా. ఆయన చెప్పిన నాలుగు వాక్యాలూ పొల్లు పోకుండా ఉన్నాయి, కింద నా వెక్కిరింపుతో. గుర్తులేదన్న అమ్మాయి మాట మాటా ఎక్కించుకుంది. వినడం బాగానే విన్నాను. వెక్కిరించడానికి విన్నాను.

ఆ నాలుగు వాక్యాల్లో తీసేయడానికి ఒక్క మాట లేదు. ఇవాళ చాలాసార్లు ప్రయత్నించాను.

రేపు చెప్పేస్తాను.

శుభ్రంగా ఇంకో కాగితం మీద ఎత్తి రాసి చూపిస్తే? వద్దు. నిన్న అల్లుకొచ్చినట్టుంటుంది. నోటితో చెబితే చాలు. ఈ పేజీ చూపించాల్సిన పనే రాదు. పేజీకి రెండో వైపు ఏముందో నాకు తెలుసు.

18వ తేదీ, మంగళవారం

చెప్పాను. జీనుల గదిలో, టీచరమ్మ బల్ల ముందు నిలబడి, "బాబాయ్ నాకు సోమవారమే చెప్పారండీ. నేనే రాయలేదు" అని.

టీచరమ్మ నవ్వింది. నేను ఊహించుకున్న వాటిల్లో ఇది లేదు.

"కూర్చో. నీది మెత్తటి మనసమ్మాయ్. పెద్దాయన పని పోతోందని నీ నెత్తిన వేసుకుంటున్నావు."

"కాదండీ, నిజంగానే—"

"డెక్క వేడి, లోపల గుచ్చుకోవడం, ఇవన్నీ ఆయనకెలా తెలుస్తాయి? డాక్టరు చెప్పాక అందరికీ తెలుస్తాయి. ఎక్కనివాళ్ళకి..." అని చెయ్యి గాల్లో తిప్పింది. "అయినా శనివారం గుర్తులేదన్నావుగా. ఇవాళ ఎలా గుర్తొచ్చింది?"

అడుసు తొక్కింది నేనే. కడుక్కుందామంటే నేను చెప్పిన అబద్ధమే నీళ్ళచెంబు పట్టుకుపోయింది.

"రాసుకున్నానండీ."

"ఎక్కడ?"

డైరీ సంచీలోనే ఉంది. ఆ పేజీ చింపాను. చిరిగే చప్పుడు గదంతా వినపడినట్టనిపించింది. బాబాయ్ మాటలున్న వైపు పైకి పెట్టి ఆవిడ ముందుంచాను. కిందివైపు కనపడకుండా వేలితో అదిమిపట్టుకున్నాను కూడా.

ఆవిడ చదివింది. తేదీ చూసింది. మళ్ళీ చదివింది. ముఖంలో రంగు మారింది. "వేలు తియ్యి" అంది.

తీశాను. తిప్పింది.

ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని, వేలితో ఒక్కో వరసా తాకుతూ, టీచరమ్మ ఉవాచ మొత్తం చదివింది. కళ్ళెం దగ్గర కాసేపు ఆగింది. మెడ కాస్త వంచింది.

"చివరిది నేను అనను" అంది.

"నిన్న కూడా అన్నారండీ."

"ఎవరితో?"

"కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనతో."

కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో నునుపు చేసింది. "ఆయన్ని పిలు."

బాబాయ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. బూట్లకేసి చూసుకున్నాడు. టీచరమ్మ లోపలికి రమ్మనలేదు. తనే లేచి గుమ్మం దాకా వెళ్ళింది.

"సోమవారం చెప్పావట."

"చెప్పానండీ."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎక్కనివాణ్ణి కదండీ" అన్నాడు బాబాయ్. దెప్పినట్టు కాదు. ఆ గుర్రపుశాలలో గడ్డి ఏ మూలుందో చెప్పినట్టు.

ఆవిడకి ఆ వాక్యం తనదేనని తెలిసిందనుకుంటాను. చివరికి "వెళ్ళనక్కర్లేదు. పని చూసుకో" అంది. పొరపాటైంది అనే మాట ఆవిడకి నాలుక చివరిదాకా వచ్చి, గుర్రంలాగే మొరాయించింది.

నాతో: "మూడు నెలలు జీను ముట్టకు. జాజికాయ లేచేదాకా దాని కాలు నీది."

పేజీ తిరిగి ఇవ్వలేదు. అడిగే ధైర్యం లేదు.

19వ తేదీ, బుధవారం

రోజూ రెండు పూటలా, బకెట్లో వేడి ఉప్పునీళ్ళు, అందులో జాజికాయ కాలు, అరగంట. కాలు పైకి తియ్యకుండా నేను పట్టుకోవాలి. ఇవాళ బకెట్ నా మీద రెండుసార్లు పోసుకుంది. ఉపమానం ఏదీ తట్టలేదు. తడిశాను.

21వ తేదీ, శుక్రవారం

బాబాయ్ మాట్లాడటం లేదు. పని చెబుతాడు. "నీళ్ళు చల్లారాయి", "పట్టుకో", "ఒదులు". అంతవరకే.

క్షమించమని అడగడానికి ఇంట్లో మూడు పేరాలు రాసుకున్నాను. అందులో 'పశ్చాత్తాపాగ్ని' అని ఉంది. చింపేశాను. పొద్దున ఊరికే, "బాబాయ్, తప్పు చేశాను" అన్నాను.

"దానికి చెప్పు" అన్నాడు జాజికాయని చూపించి.

చెప్పాను. అది నా జుట్టు గడ్డేమోనని వాసన చూసింది.

24వ తేదీ, సోమవారం

జాజికాయ గోడకి తల ఆనించకుండా నిలబడింది. మడమ వైపు కాస్త బరువు పెట్టింది.

ఒక చిక్కు వచ్చింది. జాజికాయని ఎవరూ ఎక్కడం లేదు. ఎక్కినవాళ్ళే రాయాలి. కాబట్టి పుస్తకంలో దాని పేజీ వారంగా ఖాళీ. పశువుల డాక్టరు వచ్చి రోజువారీ ఎలా ఉందో చూపించమంటే టీచరమ్మ తెల్లకాగితం చూపించింది. ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. మధ్యాహ్నం ఆవిడ పుస్తకాన్ని మేకునుంచి ఊడదీసి, పెన్నూ తాడూ వేలాడుతుండగా నడిచొచ్చి, బాబాయ్ చేతిలో పెట్టింది. "దాని గురించి నువ్వు చూసుకో" అని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది.

బాబాయ్ పుస్తకం తెరిచాడు. నా మహారాణి పేజీ వచ్చింది. నిలబడి మొత్తం చదివాడు. పెదవులు కదుపుతూ చదువుతాడని నాకు ఇవాళే తెలిసింది. నేను బకెట్లోకి చూస్తూ కూర్చున్నాను. పేజీ తిప్పి, పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

"నా చేతులు తడి. నువ్వు రాయి."

నా చేతులూ తడే. అనలేదు. ఒంటిమీది బట్టలకే తుడుచుకున్నాను.

"డెక్క వేడి తగ్గింది. చీము ఆగింది. మడమ మీద బరువు పెడతంది. రేపు కూడా ఉప్పునీళ్ళు."

రాశాను.

"చదువు."

చదివాను.

"మళ్ళీ చదువు."

చదివాను. మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, తన మాట ఒక్కటైనా తప్పిపోయిందేమోనని, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నాడు. పళ్ళ డాక్టరుగారు అటుగా వెళ్తూ ఆగి మా ఇద్దరినీ వింతగా చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. అయినా చివరిదాకా, పెద్దగానే చదివాను.

"కింద నీ పేరు రాయి" అన్నాడు బాబాయ్. "తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియాలిగా."

ఇంటిపేరుతో సహా రాశాను.